చూడకుండానే చెప్పే పాఠాలు

పక్షిరాజు (ఈగల్) గురించిన ఒక కథ క్రైస్తవ ప్రసంగాలలో చాలా ఏళ్లుగా వినబడుతోంది. 40 ఏళ్లు నిండేసరికి దాని ముక్కు వంగిపోయి, గోళ్లు మొద్దుబారి, ఈకలు బరువెక్కుతాయట. అప్పుడది ఎత్తైన కొండ మీదికి చేరి, ముక్కును బండకేసి కొట్టుకొని ఊడగొట్టుకుంటుందనీ, కొత్త ముక్కు మొలిచాక దానితో పాత గోళ్లను పెరికివేస్తుందనీ, కొత్త గోళ్లు వచ్చాక వాటితో పాత ఈకలను పీకివేస్తుందనీ, కొన్ని నెలల ఆ యాతన తరువాత నవయౌవనంతో ఎగిరి మరో 30 ఏళ్లు బ్రతుకుతుందనీ చెబుతారు. కథ చివర, పక్షిరాజు పేరెత్తే బైబిలు వచనాలైన యెషయా 40:31 గాని కీర్తన 103:5 గాని తప్పక వస్తుంది. వినేవారి మనసు కదులుతుంది. కాని ఏ పక్షిరాజూ అలా చేయదు. ముక్కు లేని వేటపక్షి తినలేదు. తినలేని పక్షి కొత్త ముక్కు కోసం నెలల తరబడి ఎదురుచూస్తూ బ్రతికి ఉండదు. దాని ముక్కుకూ గోళ్లకూ పైనున్న తొడుగు కెరటిన్ అనే గట్టి పదార్థంతో ఏర్పడి, జీవితమంతా పెరుగుతూ అరుగుతూ ఉంటుంది. ఈకలు కూడా ఒక్కసారిగా ఊడిపోవు. ఎగరడానికి ఆటంకం కలగనంత కొద్దికొద్దిగా పాతవి రాలుతుంటే వాటి చోట కొత్తవి వస్తుంటాయి.

ఈ కథ చెప్పేవారికి మోసం చేయాలన్న ఉద్దేశం ఉండదని నాకు తెలుసు. ఎవరో చెప్పగా విన్నారు, ఆదరణ పొందారు, ఆ ఆదరణను మరొకరికి అందిస్తున్నారు. అయినా ఇది చిన్న విషయమని నేను అనుకోలేను. సృష్టికర్త గురించి చెప్పదలచిన పాఠాన్ని ఆయన చేసిన ప్రాణి గురించిన అబద్ధం మీద నిలబెడితే ఆ పాఠం ఆయనకు ఘనత తెచ్చేదెలా? అంతకంటే పెద్ద నష్టం వాక్యానికి జరుగుతోంది. కథలోని పక్షి తన్ను తాను కొట్టుకొని, తన్ను తాను పెరుక్కొని, తన తెగువతోనే తన యౌవనాన్ని సంపాదించుకుంటుంది. యెషయా గ్రంథం చెప్పేది వేరు. "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అని అక్కడ ఉంది. చెరలో అలసిపోయి, తమ న్యాయం దేవుని కంటికి కనబడడం లేదని వాపోతున్న జనానికి చెప్పిన మాట అది. మీ గాయాలు మీరే చేసుకొని బాగుపడండి అని ఆ ప్రవక్త వారికి చెప్పలేదు. పక్షి గురించి అబద్ధం చెప్పిన కథ, వచనం గురించి కూడా అబద్ధం చెప్పింది. రెండోది ఇంకా ఎవరి కంటా పడలేదు.

నిజమైన పక్షిరాజును చూసి ఉంటే ఎంత లోతైన సంగతి దొరికి ఉండేది! అది కొండెక్కి లోకానికి దూరం కాకుండానే, వేటాడుతూ, గూడు చూసుకుంటూ, ఎగురుతూ ఉండగానే దాని రెక్క మారిపోతుంది. పెద్ద పక్షిరాజులలో రెక్కల ఈకలన్నీ మారడానికి ఒక్క ఏడాది చాలదు. ఏ రోజు చూసినా నిన్నటి పక్షిలాగే కనబడుతుంది. పరిశుద్ధపరచబడడం గురించి మనం అంత ఓపికగా మాట్లాడుకున్న సందర్భాలు అరుదు. ఒక్క రాత్రిలో, ఒక్క కూటంలో, ఒక్క కన్నీటి ప్రార్థనలో అంతా మారిపోవాలని ఆశపడే మనకు ఆ నెమ్మది పక్షి అవసరమైంది, మనమేమో ముక్కు విరగగొట్టుకునే పక్షిని కల్పించుకున్నాం.

నేను చెప్పదలచినది ఇదే. రోజువారీ జీవితంలో ఆత్మీయ పాఠాలు వెదకడం మంచి అలవాటు, బైబిలు మనకు నేర్పిన అలవాటు. అయితే ఆ అలవాటులో చూడడం ముందు రావాలి, పాఠం తరువాత రావాలి. మనలో చాలామందిలో ఈ వరుస తారుమారైంది. చెప్పవలసిన పాఠాన్ని ముందే చేతిలో పెట్టుకొని, దానిని తగిలించడానికి ఒక వస్తువు కోసమో, ఒక సంఘటన కోసమో, కొన్నిసార్లు ఒక మనిషి కోసమో వెదుకుతున్నాం.

సామెతల గ్రంథం 24వ అధ్యాయంలో ఒక జ్ఞాని సోమరివాని చేను ప్రక్కన నడిచి వెళ్తాడు. ముండ్లతుప్పలు బలిసి ఉండడం, దూలగొండ్లు చేనంతా కమ్ముకొని ఉండడం, రాతిగోడ పడిపోయి ఉండడం అతనికి కనబడతాయి. ఆ తరువాతనే "నేను దాని చూచి యోచన చేసికొంటిని, దాని కనిపెట్టి బుద్ధి తెచ్చుకొంటిని" అంటాడు. చూపుకూ బుద్ధికీ మధ్య ఆలోచన అనే ఒక మెట్టు అతనికి ఉంది. అదే గ్రంథం 6వ అధ్యాయంలో సోమరిని చీమల దగ్గరికి పంపినప్పుడు కూడా వాటి నడతలు కనిపెట్టమని చెబుతుంది. వాటికి న్యాయాధిపతి గాని, పై విచారణకర్త గాని, అధిపతి గాని లేరనీ, అయినా కోతకాలంలో ధాన్యం కూర్చుకుంటాయనీ అక్కడ రాసి ఉంది. ఈనాడు చీమలను అధ్యయనం చేసేవారు చెప్పేదీ అదే: రాణి చీమ గుడ్లు పెడుతుందే గాని ఎవరికీ ఆజ్ఞలివ్వదు, పని చేసే చీమలు ఒకదాని వాసననూ స్పర్శనూ మరొకటి పసిగట్టి తమ పని తాము చేసుకుపోతాయి. గింజలు కూర్చుకునే జాతి చీమలు బైబిలు దేశాల్లో నేటికీ ఉన్నాయి. ఆ వచనాన్ని రాసినవాడు నేల మీద కూర్చొని చీమలను చూశాడని నాకు నమ్మకం, ఎందుకంటే చూడనివాడు వాటికి ఒక రాజును తప్పక కల్పించి ఉండేవాడు.

యేసు మాటల్లో ఈ నిదానం మరింత స్పష్టంగా ఉంటుంది. "ఆకాశపక్షులను చూడుడి" అన్నాడు. అడవిపువ్వులు ఎలా ఎదుగుతున్నాయో ఆలోచించమన్నాడు. మార్కు 4వ అధ్యాయంలో భూమి తనంతట తానే మొదట మొలకను, తరువాత వెన్నును, ఆ తరువాత వెన్నులో ముదురు గింజలను పుట్టిస్తుందని చెప్పినప్పుడు ఆయన ఒక్క దశనూ దాటవేయలేదు. విత్తినవాడు రాత్రి నిద్రపోతూ, పగలు మేలుకుంటూ ఉంటాడు, అది ఎలా పెరిగిందో వాడికే తెలియదు అని కూడా చేర్చాడు. పరిచర్యలో ఉన్నవారికి ఇంతకంటే విశ్రాంతినిచ్చే మాట నాకు కనబడలేదు. ఫలితం మన మెలకువ మీద ఆధారపడి ఉన్నట్లు బ్రతికే బోధకుడు నిజంగా ఒక చేనును చూసి ఉంటే రాత్రి నిద్రపోయేవాడు.

ఆయన ఉపమానాలలో మరొక గుణం ఉంది, దానిని మనం దాదాపు మరచిపోయాం. అవి వినేవారికి ముందే తెలిసిన సంగతిని తీపి చేసి చెప్పవు. పరలోకరాజ్యం పుల్లని పిండిని పోలి ఉందని ఆయన అన్నప్పుడు, పస్కా పండుగ దినాల్లో ఇంట్లో నుండి పులిసినదానిని తీసివేసే అలవాటున్న ప్రజలు వింటున్నారు. ఆయనే మరొకచోట పరిసయ్యుల పులిసిన పిండిని గూర్చి జాగ్రత్తపడమన్నాడు. చెడుకు గురుతుగా వాడే వస్తువును రాజ్యానికి గురుతుగా వాడితే ఆ మాట వారికి ఎక్కడో గుచ్చుకొని ఉండాలి. ఆ ఉపమానంలోని స్త్రీ పులిసిన పిండిని దాచిపెట్టింది మూడు కుంచముల పిండిలో. అది 20 కిలోలకు మించిన పిండి, నూరుమందికి సరిపోయే రొట్టె. మన చెవికి ఇది వంటింటి మాటలా వినిపించినా, ఆ పరిమాణం విన్నవారికి ఇది ఎవరి విందు అన్న ప్రశ్న కలిగి ఉండాలి. తన రాకడను దొంగ రాకతో పోల్చాడు. ప్రార్థన గురించి చెప్పడానికి దేవునికి భయపడని న్యాయాధిపతిని తెచ్చాడు. ఏ పోలికా ఊరికే మెప్పు పొంది ఊరుకోదు. విన్నవారిని ఆగి, ఇదేమిటి అని అడిగేలా చేస్తుంది.

దీని ప్రక్కన నేటి పోలికలను పెట్టి చూస్తే నాకు దిగులు కలుగుతుంది. ప్రార్థన ఫోనుకు ఛార్జింగ్ లాంటిదన్న మాట వినని విశ్వాసి ఉండడేమో. బ్యాటరీ అయిపోతే ఫోను ఎలా పనికిరాదో, ప్రార్థన లేని విశ్వాసి అలాగే పనికిరాడని దాని భావం. వినగానే ఒప్పుకోబుద్ధి అవుతుంది. కాని ఆ వస్తువును కాసేపు నిజంగా చూడండి. ఫోనును ఛార్జరుకు తగిలించేది దాని నుండి విడదీయడానికే. ఎంత తక్కువసేపు తగిలించి ఎంత ఎక్కువసేపు దూరంగా వాడుకోగలిగితే అది అంత మంచి ఫోను. ఆ పోలికను మనసులో పెట్టుకున్నవాడు దేవుని సన్నిధిని తన పనుల కోసం శక్తి నింపుకునే చోటుగా భావించడం నేర్చుకుంటాడు. ఉదయం పావుగంట తగులుకొని, రోజంతా తన సొంతంగా తిరుగుతాడు. యోహాను 15వ అధ్యాయంలో యేసు చూపిన ద్రాక్షావల్లి దీనికి పూర్తిగా ఎదురు నిలుస్తుంది. తీగె వల్లిని దర్శించి వెళ్లదు. అది ఉండేదే అక్కడ, వేరైతే ఎండిపోతుంది. రెండు పోలికలూ ప్రార్థన ముఖ్యమనే చెబుతున్నట్లు పైకి కనబడతాయి, కాని అవి తయారుచేసే మనుషులు వేరు. ఎంచుకున్న వస్తువు తనతో పాటు తన స్వభావాన్ని కూడా మోసుకొని వస్తుంది, మనం దానిని గమనించినా గమనించకపోయినా.

ఏ వస్తువు నుండైనా ఏ పాఠమైనా లాగవచ్చన్న ధీమా ఈనాటిది కాదు. వాయువుల పీడనానికీ ఘనపరిమాణానికీ ఉన్న సంబంధాన్ని నిరూపించిన రాబర్ట్ బాయిల్ గొప్ప భక్తుడు కూడా. ఆయన 1665లో రోజువారీ సంగతుల మీద తాను చేసిన ధ్యానాలను పుస్తకంగా అచ్చువేయించాడు. కొన్ని దశాబ్దాల తరువాత, ఆ పుస్తకాన్ని ఒక గొప్ప ఇంటి యజమానురాలికి చదివి వినిపించే పని పడిన వ్యంగ్య రచయిత జోనతన్ స్విఫ్ట్ విసిగిపోయి, చీపురుకర్ర మీద అదే ధోరణిలో ఒక ధ్యానం తానే రాసి మధ్యలో చేర్చి చదివాడనీ, ఆమె అది బాయిల్‌దే అనుకొని మెచ్చుకున్నదనీ చెప్పుకుంటారు. ఆ రచన 1710లో అచ్చయింది. చీపురుకర్ర తలక్రిందులైన చెట్టు, మనిషీ తలక్రిందులైన ప్రాణే అన్నది దాని సారం. నాకు బాయిల్ మీద గౌరవం ఉంది. ప్రయోగశాలలో చూపిన ఏకాగ్రతనే రోజువారీ జీవితం మీద చూపాలన్న ఆయన కోరికలో తప్పేమీ లేదు. కాని ఆ ఎగతాళికి చోటు దొరికిందంటే కారణం లేకపోలేదు. వస్తువు మారినా పాఠం మారనప్పుడు, వస్తువు ఏదైనా పరవాలేదనిపించినప్పుడు, అసలు ధ్యానానికీ వేళాకోళానికీ తేడా వినేవారికి తెలియకుండా పోతుంది.

వస్తువుల విషయంలో ఈ పొరపాటు హాస్యం పాలు చేస్తుంది. మనుషుల విషయంలో అది క్రూరత్వమవుతుంది.

బిడ్డను పోగొట్టుకున్న ఒక కుటుంబాన్ని పరామర్శించడానికి వెళ్లినప్పుడు, సంఘంలో పెద్దగా పేరున్న ఒకరు ఆ తల్లి వినేంత దగ్గరలోనే, దేవుడు ఈ ఇంటివారిని తన వైపు మరింతగా త్రిప్పుకోవడానికే ఇలా అనుమతించాడని చెప్పడం నేను విన్నాను. ఆ మరుసటి ఆదివారం అదే సంగతి ప్రసంగంలో దృష్టాంతంగా వచ్చింది. ఆ కుటుంబం అక్కడే కూర్చొని ఉంది. సమస్తమూ మేలు కోసం సమకూడి జరుగుతున్నాయని రోమా 8:28 చెబుతున్న మాటను వారు దానికి ఆధారంగా చూపించారు. ఆ వచనాన్ని నేనూ నమ్ముతాను. కాని పౌలు ఆ మాట రాసింది మూలుగుతున్న సృష్టి గురించీ, ఎలా ప్రార్థించాలో తెలియని మన బలహీనత గురించీ, ఉచ్చరింపశక్యము కాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేసే ఆత్మ గురించీ చెప్పిన తరువాత. మూలుగు దగ్గర ఆగకుండా మేలు దగ్గరికి పరుగెత్తే హక్కు, అందులోనూ మరొకరి మూలుగు మీదుగా పరుగెత్తే హక్కు, మనకు ఎవరిచ్చారు?

ఈ విషయంలో బైబిలు ఎంత గట్టిగా మనల్ని ఆపుతుందో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. ఆనాటి అందరి మనసులో ఉన్న పాఠాన్ని యేసు తానే బయటికి తీసి, వారు యెరూషలేము కాపురస్థులందరికంటే అపరాధులని తలంచుచున్నారా అని అడిగి, కాదని తేల్చి చెప్పాడు. వెంటనే మారుమనస్సు మాటను అక్కడ నిలబడి వింటున్నవారి వైపు త్రిప్పాడు. చనిపోయినవారిని పాఠంగా మార్చనివ్వలేదు. బ్రతికి ఉన్నవారిని తమను తాము పరీక్షించుకోమన్నాడు. పుట్టుగ్రుడ్డివాడిని చూసి వీడు పాపము చేసెనా, వీని కన్నవారా అని శిష్యులు అడిగినప్పుడు కూడా ఆ ప్రశ్నలోని రెండు జవాబులనూ త్రోసివేశాడు. అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో మెలితే ద్వీపవాసులు పౌలు చేతికి సర్పం పట్టడం చూసి, వీడు నరహంతకుడు, సముద్రం నుండి తప్పించుకున్నా న్యాయం వీణ్ణి బ్రతకనివ్వలేదనుకున్నారు. అతను దానిని మంటలో జాడించి ఏ హానీ లేకుండా నిలబడితే, చాలాసేపు చూసి, ఇతడు దేవత అన్నారు. ఒకే సంఘటన నుండి కొద్ది సమయంలో రెండు పాఠాలు తీశారు, రెండూ తప్పే. అక్కడ జరిగింది ఒక మనిషి చలిమంట కోసం పుల్లలు ఏరడం, వేడికి పాము బయటికి రావడం, దేవుడు అతన్ని కాపాడడం.

ఆస్తినీ పిల్లలనూ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితుల సంగతి అందరికీ తెలిసిందే, కాని వారు చేసిన మంచి పనిని మనం సరిగా లెక్కలోకి తీసుకోము. వారు వచ్చి ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద కూర్చున్నారు, ఎవరూ ఒక్క మాట పలకలేదు, ఎందుకంటే అతని బాధ ఎంత అధికమో వారికి కనబడింది. అంతవరకు వారు చూశారు. నోరు తెరిచాక చూడడం మానేశారు. ప్రతి ప్రసంగంలోనూ, బాధ పాపానికి శిక్షే అన్న తమ సిద్ధాంతాన్ని యోబు శరీరం మీద నిరూపించుకోవాలని ప్రయత్నించారు. చివర దేవుడు వారి మీద కోపించింది వారి మౌనం గురించి కాదు. వారి మాటలలో చాలా భాగం విడిగా చదివితే భక్తిగానే ఉంటుంది, అందుకే నాకు భయం వేస్తుంది.

అయితే అసలు పాఠాలు నేర్చుకోవడమే మానుకోవాలా? అలా అనను. నాతాను ప్రవక్త, మరొకని భార్యను చేర్చుకున్న దావీదు రాజు దగ్గరికి వెళ్లి ఒక దరిద్రుని గొఱ్ఱెపిల్ల గురించి చెప్పాడు. అది వాని చేతి ముద్ద తిని, వాని గిన్నెలోనిది త్రాగి, వాని కౌగిట పండుకొనేదని ఆ ప్రాణిని కళ్లకు కట్టినట్లు చూపాడు. దావీదు మండిపడి, దానిని లాక్కున్న ధనవంతుడు మరణపాత్రుడన్నాడు. అప్పుడు వచ్చింది ఆ మాట: "ఆ మనుష్యుడవు నీవే." దేవుడు రోజువారీ జీవితంలో నుండి మాట్లాడినప్పుడు ఆ మాట వినేవాని మీదికే వస్తుందని నేను నమ్ముతున్నాను. ఒక సంఘటన చూసి నాకు తోచిన పాఠం పొరుగువానికి అతికినట్లు సరిపోతే, నేను దానిని అనుమానిస్తాను. నన్ను ఇబ్బంది పెడితే, వాక్యం దగ్గరికి తీసుకువెళ్లి పరీక్షిస్తాను.

మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడిచేయి బిగుసుకుపోయాక ఆమె గోళ్లు తీసే పని నా వంతుకు వచ్చింది. బిగిసిన పిడికిలిని లాగి తెరవకూడదు, లాగినకొద్దీ వేళ్లు ఇంకా లోపలికి ముడుచుకుపోతాయి. మణికట్టును కొంచెం క్రిందికి వంచి పట్టుకొని, ముంజేతిని నిదానంగా నిమురుతూ కూర్చోవాలి. కొంతసేపటికి బొటనవేలు వదులవుతుంది. తరువాత చిటికెనవేలు, దాని తరువాత మిగతావి. అరచేతిలో గోళ్లు దిగిన చోట నెలవంకల్లాంటి ఎర్రని గుర్తులు ఉండేవి, వేళ్ల సందుల్లో చెమట చేరి చర్మం తెల్లగా నాని ఉండేది. తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, గోరు క్రింద నా వేలు అడ్డుపెట్టి కొద్దికొద్దిగా కత్తిరించేవాణ్ణి. ఆ పని జరుగుతున్నంతసేపూ అమ్మ ముఖం గోడ వైపు త్రిప్పుకొని ఉండేది. నొప్పి వల్ల కాదని నాకు తెలుసు. ఊహ తెలిసినప్పటి నుండి ఎవరి చేతా పని చేయించుకోని మనిషి ఆమె.

ఆ రోజుల్లో నాకు ఏ పాఠమూ తట్టలేదు, తట్టాలని వెదకనూ లేదు. చాలా కాలం తరువాత యోహాను సువార్త చివరి అధ్యాయం చదువుతుండగా, నీవు ముసలివాడవైనప్పుడు నీ చేతులు చాచుదువు, వేరొకడు నీ నడుము కట్టును అని యేసు పేతురుతో చెప్పిన మాట దగ్గర ఆగిపోయాను. అది పేతురు ఎలాంటి మరణంతో దేవుణ్ణి మహిమపరుస్తాడో సూచించే మాట అని సువార్తికుడే వివరించాడు కాబట్టి, దానిని వృద్ధాప్యం గురించిన వచనంగా మార్చే అధికారం నాకు లేదు. కాని ఆ మాట విన్న మనిషి ఎవరు? నా పాదాలు నీవు ఎన్నడూ కడగకూడదని అన్నవాడు. అతని చేత ఒకనాడు చేతులు చాపించబోతున్నాడు ప్రభువు. అప్పుడు అమ్మ ముఖం గుర్తుకు వచ్చింది, దానితో పాటు ఒక ప్రశ్న నా మీదికి వచ్చింది. సేవ చేసే స్థానంలో ఉండడం నాకు ఇష్టం, అందులో వినయంతో పాటు కొంత అధికారం కూడా ఉంటుంది. చేతులు చాచవలసిన రోజున నేను ముఖం ఎటు త్రిప్పుకుంటాను? కృప అంటే చేతులు చాచి పుచ్చుకోవడమేనని నోటితో చెప్పే నేను, ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేనివాడిగా బ్రతుకుతున్నానా? ఈ ప్రశ్న నన్ను ఇంకా వదలలేదు.

ఒక సంగతి మాత్రం ఖచ్చితంగా చెప్పాలి. నాకు ఈ పాఠం నేర్పడానికే అమ్మకు ఆ జబ్బు వచ్చిందని నేను ఎన్నడూ అనను. ఆమె బాధ ఆమెది, దాని లెక్క ఆమెకూ ఆమె ప్రభువుకూ మధ్య ఉంది. నాకు చెందినది నా చూపు, నా జవాబు, అంతే. ఇంకొకటి: పాఠం ఆ గదిలో పుట్టలేదు. వాక్యం చదువుతున్నప్పుడు ఆ గది తెరుచుకుంది. అందుకే రోజువారీ జీవితాన్ని రెండో బైబిలుగా భావించి, దానిలో నుండి సొంతంగా ప్రత్యక్షతలు చదువుకోవచ్చనే వారితో నేను ఏకీభవించలేను. తరువాత గొప్ప సంఘ బోధకుడైన అగస్టీను 386లో మిలాన్ నగరపు తోటలో విన్నది పొరుగింటి నుండి వచ్చిన ఒక పిల్లవాని పాట, తీసి చదువు అన్న మాటలు. ఆ పాటకు అతను సొంత అర్థం కల్పించుకోలేదు; వెళ్లి పౌలు పత్రికను తెరిచి, రోమా 13వ అధ్యాయం చివరి మాటలు చదివాడు. ఆ పాట అతన్ని వాక్యం దగ్గరికి పంపి తన పని ముగించుకుంది.

చూడడానికీ చెప్పడానికీ మధ్య కాలం గడవనివ్వడం కూడా ముఖ్యమని నాకు అనిపిస్తుంది. గొఱ్ఱెల కాపరులు చెప్పిన మాటలను మరియ తన హృదయంలో భద్రం చేసుకొని తలపోసుకుంటూ ఉన్నదని లూకా రాశాడు. అమెరికా బోధకుడు జోనతన్ ఎడ్వర్డ్స్ ప్రకృతిలోనూ రోజువారీ సంగతులలోనూ దైవసంగతుల ఛాయలను చూసి ఒక నోటుపుస్తకంలో ఏళ్ల తరబడి రాసుకున్నాడు. 1758లో అతను చనిపోయేనాటికి అది అచ్చు కాలేదు, 1948లో గాని పుస్తకంగా రాలేదు. ఈనాడు మనకు ఉదయం తోచింది మధ్యాహ్నానికి పదిమందికి చేరిపోవాలి. దానికి వచ్చిన ఆమేన్‌లు చూసుకున్నాక అది నిజంగా దేవుని మాటా, నా మాటా అని పరీక్షించుకునే ఓపిక ఎవరికి ఉంటుంది?

పాఠమేదీ దొరకని రోజులే ఎక్కువ, వాటి గురించి కూడా భయపడనక్కరలేదు. 17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో వంటపని చేసిన సహోదరుడు లారెన్స్‌ను ఈ సందర్భంలో చాలామంది తలుచుకుంటారు. 18 ఏళ్ల వయసులో, చలికాలంలో ఆకులు రాలి మోడైన చెట్టును చూసి, కొంత కాలానికి అది చిగురిస్తుంది, పూస్తుంది, కాస్తుంది అని తలచుకున్నప్పుడు దేవుని శక్తి అతని మనసుకు హత్తుకుంది. ఆ ఒక్క చూపు అతనికి జీవితాంతం నిలిచింది. తరువాత సంవత్సరాల తరబడి వంటింట్లో పనిచేసినా, కుండల నుండీ పొయ్యి నుండీ పాఠాలు తీసి చెప్పడం అతని పద్ధతి కాదు. తనకు సహజంగా ఇష్టం లేని ఆ పనిని దేవుని కోసం, దేవునితో మాట్లాడుతూ చేయడమే అతను నేర్చుకున్నదీ, నేర్పినదీ. కడగవలసిన గిన్నె కడగబడింది, దానికి మరొక అర్థం అక్కరలేకపోయింది. యేసు నజరేతులో వడ్లవానిగా పనిచేసిన ఏళ్ల గురించి కూడా సువార్తలు ఒక్క పాఠం చెప్పవు. పరిచర్య మొదలుపెట్టేనాటికి ఆయనకు దాదాపు 30 ఏళ్లు. ఆయన చేసిన కాడిని గాని తలుపును గాని మనకు చూపించి, దీని భావమిది అని ఎవరూ రాయలేదు. ఆయన యందు ఆనందించుచున్నానని పరలోకం నుండి తండ్రి పలికింది ఆ ఏళ్లు గడిచిన తరువాతనే, ఒక్క ఉపమానమైనా చెప్పక ముందే.

మన సాక్ష్యాల కూటాలలో నేను కోరుకునే మార్పు ఒకటి ఉంది. సాక్ష్యం చెప్పడానికి లేచినవారు చివరలో, దీని ద్వారా దేవుడు నాకు నేర్పిన పాఠం ఏమిటంటే, అని ముగించాలన్న నియమం ఎక్కడా రాసి లేదు, అయినా అందరూ పాటిస్తున్నారు. దాని వల్ల పాఠం ఇంకా దొరకనివారు, బాధ మధ్యలో ఉన్నవారు, అసలు లేవడమే మానేస్తున్నారు, లేదా దొరకని పాఠాన్ని దొరికినట్లు చెబుతున్నారు. 88వ కీర్తన చీకటి అన్న మాటతో ముగుస్తుంది. దానికి ముందూ వెనుకా ఓదార్పు అతికించకుండానే ఇశ్రాయేలు దానిని ఆరాధనలో పాడుకుంది. ఎవరైనా లేచి, జరిగింది ఇది, నేను ఇంకా ప్రార్థిస్తున్నాను, నాకు ఏమీ అర్థం కావడం లేదు అని చెప్పి కూర్చుంటే, ఆ మాటలను సరిదిద్దడానికి గాని, వాటికి ఒక వచనం జోడించడానికి గాని వెంటనే ఎవరూ లేవకూడదు. ఆ మనిషి ప్రక్కన ఉన్నవారు ఆ చెప్పిన సంగతినే, చెప్పినంతవరకే, పేరుపెట్టి దేవుని ముందు ఉంచి ప్రార్థించాలి. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులు చేయగలిగినది ఒక సంఘం ఒక గంటైనా చేయగలదు.